తిట్టుకి కట్టిన తీగ

స్తంభాలక్కకి నేల చూసి నడవడం చేతకాదు. ఊళ్లో ఆవిడ కాలికి తగలని రాయి లేదు, ఆవిడ కాలు పడని గుంట లేదు. కళ్లు మాత్రం ఎప్పుడూ కరెంటు స్తంభాల నెత్తి మీదే. పెళ్లికి తీసుకెళ్తే పెళ్లికూతుర్ని చూడదు, వీధి చివరి స్తంభాన్ని చూస్తుంది. పురుడోసుకున్న చుట్టాన్ని పలకరించడానికి వెళ్లి, బిడ్డ ఎవరి పోలికో చెప్పమంటే, "పోలిక సంగతి తర్వాత. మీ వెనక గోడ మీంచి మూడు తీగలు పోతున్నాయి, చూసుకున్నారా?" అంటుంది.

ఒకసారి టౌన్లో రాత్రుళ్లు తీగలు కోసుకుపోతున్న దొంగలు పడ్డారు. అదే వారంలో ఆవిడ చెప్పులు కొనడానికి టౌనుకెళ్లి, చెప్పుల కొట్టు ముందు ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. కొట్టువాడు చూశాడు, పక్కకొట్టువాడు చూశాడు, చివరికి పోలీసులొచ్చి చూశారు. స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టి ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"ఎందుకమ్మా తీగలు లెక్కపెడుతున్నావు?"

"లెక్కపెట్టకపోతే మావాడు చస్తాడు గనక."

అది బెదిరింపో, పిచ్చో తెలియక ఇన్‌స్పెక్టరు ఆవిడకి టీ తెప్పించాడు. ఆవిడ టీ తాగి, స్టేషను పెరట్లో ఉన్న స్తంభం ఒరిగిందని, వానాకాలం వచ్చేలోగా నిలబెట్టించుకోమని చెప్పి వచ్చేసింది. వానాకాలంలో అది పడింది. అప్పట్నుంచి ఆ ఇన్‌స్పెక్టరు ఆవిడ ఎదురైతే ముందు ఆవిడకి, తర్వాత దగ్గర్లో ఉన్న స్తంభానికి దణ్ణం పెట్టేవాడు.

మావాడు అంటే ఆవిడ తమ్ముడు. పంటల మీద మందు చల్లే చిన్న విమానం నడిపేవాడు. ఒక్కరే పట్టే విమానం. పొట్టలో ఇంధనం కంటే మందే ఎక్కువ. పొలం మీద ఎంత కిందుగా పోవాలంటే, చేలో నిలబడ్డ మనిషి టోపీ పట్టుకుని కూర్చోవాలి. ఆ ఎత్తులో కొండలతో పేచీ లేదు, మబ్బులతో పేచీ లేదు. ఉన్న పేచీ అంతా తీగలతోనే. విమానంలోంచి చూస్తే తీగ కనబడదు. ఎండ ఎదురుగా ఉంటే అసలు కనబడదు, వెనక చెట్లుంటే అంతకన్నా కనబడదు. "కనబడుతుందే, ఎందుకు కనబడదు! కాకపోతే కనబడేసరికి చూడ్డానికి మనం ఉండం" అనేది స్తంభాలక్క.

ఈ విద్య ఆవిడకి మొగుడి దగ్గర అబ్బింది. ఆయన లైన్‌మన్. జీవితమంతా కరెంటుతో సహవాసం చేసి, ఒక్క షాకైనా తినకుండా, ముప్పూటలా మందులు మింగుతూ జ్వరంతో మంచం మీద పోయాడు. పోయేలోగా పెళ్లానికి తన ఆస్తంతా అప్పజెప్పాడు. ఆ ఆస్తి రెండు ముక్కలు: తీగని వెతక్కు, స్తంభాన్ని వెతుకు. స్తంభానికి ఏటవాలుగా నేలలోకి దిగ్గొట్టిన ఊతతీగ ఏ వైపుంటే, దానికి ఎదురు వైపుకి కరెంటు తీగ పోతున్నట్టు లెక్క. "మొండివాణ్ని ఇటు లాగేవాళ్లుంటే, అటు లాగేదేదో ఉన్నట్టేగా" అని ఆయన చెప్పేవాడట. ఆయన పోయాక ఆవిడ ఒక ట్రంకు పెట్టె, ఆ రెండు ముక్కలు పట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. తమ్ముణ్ని పెంచిందీ ఆవిడే గనక, వచ్చానని కాకుండా తిరిగొచ్చానని చెప్పుకునేది.

ఇల్లంటే విమానం షెడ్డు వెనక రెండు గదులు. వంటగది కిటికీలోంచి చూస్తే విమానం తోక. ఆ పెరట్లో బట్టలారేసే తీగ కూడా ఉండేది కాదు. "ఊరంతా ఉన్న తీగలు చాలవా, ఇంట్లో కూడా పెంచాలా?" అని ఆవిడ బట్టలన్నీ కంచె మీద ఆరేసేది. తమ్ముడి చొక్కాలకి ఎప్పుడూ ముళ్ల చిల్లులే.

ఆ ఇంట్లో మూడో మనిషి తమ్ముడి పెళ్లాం. మందు కలపడం, ట్యాంకు నింపడం, రేడియో దగ్గర కూర్చోవడం ఆమె పని. మెత్తని మనిషి. మరీ మెత్తని ఇంట్లో పుట్టింది. ఆమె పుట్టింట్లో పిల్లిని కూడా "మీరు" అంటారని వదినగారి ఎగతాళి. అది ఎగతాళేమీ కాదు, నిజమే. ఆ పిల్లి కాస్త పెద్ద వయసుది.

కొత్త కోడలిగా ఆమె ఈ ఇంటికి వచ్చిన మొదటి ఉదయం చూసిన దృశ్యం ఇది. మొగుడు విమానంలో కూర్చుని ఉన్నాడు. వదినగారు విమానం ముక్కున ఉన్న పంకా ముందు నడుముకి చేతులు పెట్టుకుని నిలబడింది. తెల్లవారకముందే పొలమంతా తిరిగొచ్చిన బూట్లకి మోకాళ్ల దాకా బురద.

"విను దున్నపోతా. చెరువు వైపు ఒక లైను. ఎనిమిదో క్లాసులో నీ మార్కులంత కిందికి ఉంది. దాని మీంచి పో. తూర్పున ఇంకోటి. నీ ముక్కులా మధ్యలో వంగింది, వంగినచోట తోడు స్తంభం ఉంది. అప్పజెప్పు."

"చెరువు వైపు ఎనిమిదో క్లాసు. తూర్పున ముక్కు. వంగినచోట తోడు."

"వెళ్లి చావకుండా రా."

అప్పుడు పక్కకి తప్పుకుంది. తమ్ముడు అప్పజెప్పందే ఆవిడ పంకా ముందు నుంచి కదలదు, ఆవిడ కదలందే ఆయన ఇంజను తిప్పడు. ఇంతకాలం ఆ ఇంట్లో నడిచిన ఒకే ఒక్క చట్టం అది. తర్వాత ఆవిడ జెండా కర్ర పట్టుకుని చేను చివర నిలబడేది. విమానం ఒక్కో చాలు చల్లి వెళ్లగానే అడుగులేసి పక్క చాలుకి జరిగేది, జెండా ఎత్తేది. మందు వాసనకి మూతికి కట్టుకున్న గుడ్డలోంచి కూడా తిట్లు వినబడేవి.

"ఆయన్ని అంతలేసి మాటలంటారేం వదినా?" అని కొత్తలో మరదలు కళ్లనీళ్లు పెట్టుకుని అడిగింది.

"అంటే అరిగిపోతాడా? చూడు, నీ మొగుడు నీకంటే ముందు నా తమ్ముడు. నీ వంతు కూడా వస్తుంది, తొందరపడకు."

ఆమె వంతు చాలా ఏళ్ల దాకా రాలేదు. వచ్చిన తీరు ఇది.

పెద్ద కాలవ పక్కన ఒక ఆసామి చేనుకి మందు కొట్టే రోజు. ఊళ్లోవాళ్లు గట్టు మీద చేరారు. కాలవ మీంచి పెద్ద లైను, ఇనప స్తంభాలది, ఎత్తుగా పోతోంది. ఆసామి సరదాకి, "కింద నుంచి దూరగలవా పైలట్‌గారూ?" అన్నాడు. పైలట్‌గారికి అప్పటికే యాభై దాటాయి. గుర్రానికి కళ్లెం ఉంటుంది, గుర్రమంత మగాడికి చప్పట్లుంటాయి. చివరి చాలు అయిపోయాక ఆయన విమానాన్ని తిప్పి, తీగల కిందనుంచి దూర్చి, అవతల ఎత్తుకుపోయాడు. గట్టు గట్టంతా ఈలలు.

దిగాడు. టోపీ తీశాడు. నవ్వాడు. జనంలోంచి దారి చేసుకుంటూ అక్క వచ్చింది. ఆవిడ తల ఆయన చొక్కా జేబు దాకా కూడా రాదు.

"వంగరా" అంది.

వంగాడు. చిన్నప్పటి అలవాటు. వంగాక గానీ ఎందుకు వంగమందో ఆయనకి తట్టలేదు. చెంప మీద పడిన చప్పుడు కాలవ అవతలి గట్టుకి కూడా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు.

దెబ్బ తగిలినందుకు ఆయనకి బాధ లేదు. అందరి ముందూ తనంతట తాను వంగినందుకే బాధ. ఆ సాయంత్రం నుంచి అక్కతో మాట బంద్.

ఇంక చూడాలి ఆ రెండు గదుల్లో కాపురం. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

"రొట్టె మాడిందని చెప్పు" అంటాడాయన గోడని చూస్తూ.

"కళ్లు పైకెక్కినవాడికి మాడిందో, కాలిందో ఏం తెలుస్తుందని చెప్పు" అంటుందావిడ కిటికీని చూస్తూ.

మధ్యలో కూర్చున్న మరదలు ఇటు తిరిగి, "రొట్టె కొంచెం ఎర్రగా కాలిందంటున్నారు వదినా" అని, అటు తిరిగి, "రేపట్నుంచి చూసుకుంటానంటున్నారండీ" అనేది. ఇద్దరూ ఒకరికొకరు జానెడు దూరంలో ఉండి, ఈ అనువాదం కోసం బుద్ధిగా ఆగేవాళ్లు.

చట్టం కూడా మారిపోయింది. అక్క పంకా ముందు నిలబడటం మానేసింది. పొద్దున్నే పొలం తిరిగొచ్చి, తీగల సంగతి మరదలికి చెప్పి, జెండా కర్ర భుజాన వేసుకుని చేను చివరికి పోయేది. మరదలు ఆ కబురు విమానం దగ్గరికి మోసేది. తమ్ముడు "ఊఁ" అనేవాడు. అప్పజెప్పమని అడగడం మరదలికి మర్యాదగా అనిపించేది కాదు.

ఆ మోతలో ఆమె ఒక నేర్పు సంపాదించింది. బియ్యంలో రాళ్లేరినట్టు వదినగారి మాటల్లోంచి తిట్లన్నీ ఏరి పారేసి, తీగల్ని మాత్రం కడిగి, ఆరబెట్టి మొగుడి ముందు పెట్టేది. దున్నపోతు దగ్గర "మీరు", చచ్చినాడు దగ్గర "ఆయన". ఇన్నేళ్ల ఎడ్డెం తెడ్డెం సంసారాన్ని తన నోటి మంచితనమే నిలబెడుతోందని లోలోపల కాస్త మురిసింది కూడా. రాయబారికి మురిపెం వస్తే రాజ్యానికి మంచిది కాదు. ఆ సంగతి ఆమెకి పొద్దుతిరుగుడు చేను దగ్గర తెలిసింది.

చేను పెద్దది. పూలన్నీ తూర్పుకి తిరిగి, ఎవరో పేరు పిలిస్తే హాజరు పలకడానికి నిలబడ్డట్టు ఉన్నాయి. ఒక పక్క పెద్ద కాలవ, ఒక పక్క రోడ్డు, ఒక మూల బావి, ఇంకో మూల చెట్ల గుంపులో రేకుల కప్పుతో కోళ్ల షెడ్డు. పక్కనే ఉన్న మట్టిదారి మీద విమానం. మరదలు లారీ పక్కన మందు కలుపుతోంది. వదినగారు పొలం చుట్టి రొప్పుతూ వచ్చింది. ఆ రోజు తిట్లు మరీ రసపట్టులో ఉన్నాయి.

"ఆ దున్నపోతుకి చెప్పు. కాలవ మీద పెద్ద లైను, వాడి పొగరంత ఎత్తుంది. కిందకి దూరాడంటే ఈసారి వంగమని కూడా అడగనని చెప్పు. రోడ్డు వెంట రెండోది, బళ్లో వాడు ఏనాడూ నిలబడనంత బుద్ధిగా, బారుగా ఉంది. బావి దగ్గర మోటారుకి పోయేది మూడోది, వాడి చేతిరాతలా వంకర. ఇక వాడి తెలివి ఉంది చూశావూ, ఉందో లేదో దేవుడిక్కూడా తెలీదు, అలాంటిదే నాలుగోది. రోడ్డు మీంచి కోళ్ల షెడ్డుకి ఒంటి తీగ, వేలాడుతోంది. దాని స్తంభం చెట్ల చాటున దాక్కుంది, లెక్కలు తప్పినప్పుడు వాడు తలుపు చాటున దాక్కున్నట్టు. విన్నావా?"

"విన్నాను వదినా."

విన్నది నిజమే. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ విన్నది. విమానం దగ్గరికి నడుస్తూనే ఏరడం మొదలెట్టింది. పొగరు తీసేసింది. బడి తీసేసింది. చేతిరాత తీసేసింది. తెలివి సంగతి వచ్చేసరికి ఆమెకి భయం వేసింది. ఇది గనక ఆయన చెవిన పడితే ఈ జన్మకి వీళ్లు మాట్లాడుకోరనుకుని, దాన్ని మొదలంటా పెరికేసింది.

"కాలవ మీద పెద్ద లైనుందండీ, ఎత్తుగా. రోడ్డు వెంట ఒకటి, బారుగా. బావి దగ్గర మోటారుకి ఒకటి, కాస్త వంకరగా. అంతేనండీ."

"ఊఁ" అన్నాడాయన.

ఆయన లేచాడు. పైన ఒక చుట్టు తిరిగి చూసుకున్నాడు. చెప్పినవి చెప్పినచోటే ఉన్నాయి. కాలవ వైపు నుంచి చాలు తర్వాత చాలు చల్లుకుంటూ వచ్చాడు. చివర్లో ఎర్ర జెండా లేస్తోంది, జరుగుతోంది, లేస్తోంది. మందు అయిపోయినప్పుడల్లా దిగడం, మరదలు నింపడం, మళ్లీ లేవడం. ఎండ ముదురుతోంది.

"ఇదే ఆఖరి ట్యాంకు. షెడ్డు వైపు నాలుగు చాళ్లు, అంతే. అన్నం వేడిగా ఉంటుందా?" అన్నాడాయన.

"ఉంటుందండీ."

విమానం లేచాక ఆమె కొలత చెంబు కడుక్కుంటూ, ఆయన చెప్పిన వైపు ఊరికే చూసింది. కోళ్ల షెడ్డు. చెట్లు. చెట్లకీ రోడ్డుకీ మధ్య ఖాళీ ఆకాశంలో ఒక కాకి కూర్చుని ఉంది.

ఎగరడం లేదు. కూర్చుని ఉంది. గాలిలో.

చెంబు చేతిలోనే ఉండిపోయింది. కాకి ముక్కుతో రెక్క సవరించుకుంది. కొంచెం ఊగింది. కాకి ఊగాలంటే కింద ఊగేదేదో ఉండాలి.

ఒంటి తీగ. వేలాడుతోంది. లెక్కలు తప్పినప్పుడు తలుపు చాటున.

చెంబు ఎక్కడ పడిందో ఆమెకి తెలీదు. లారీలోకి ఎక్కి రేడియో అందుకుంది. విమానం దూరంగా కాలవ దగ్గర వెనక్కి తిరుగుతోంది. తిరిగిందంటే కిందికి దిగుతుంది. దిగిందంటే నేరుగా షెడ్డు వైపే.

"ఏవండీ..." అంది.

"ఏంటి? పనిలో ఉన్నా."

"కాస్త వినండి..."

"మీ వదిన తరఫున రాయబారమైతే కిందికొచ్చాక విందాం."

"అది కాదండీ, మీరు మరోలా అనుకోకపోతే, నేను పొద్దున్న ఒకటి..."

"అబ్బ, తర్వాతే!"

పుట్టినింటి మర్యాద గొంతుకి అడ్డం పడింది. ఎంత తోసినా మాట ముందు "అండీ" వచ్చి నిలబడుతోంది. విమానం ముక్కు దించింది. పూల మీద దాని నీడ పరిగెడుతోంది. చేను చివర వదినగారు జెండా కింద పారేసి రెండు చేతులూ ఊపుతోంది. ఆవిడ అనుకుంటున్నది వేరు: వెధవ మళ్లీ తీగ కిందనుంచి దూరబోతున్నాడు, నా మీద పంతంతో. ఆ ఊపడాన్ని ఆయన అనుకుంటున్నది వేరు: పైనున్నా తిట్టడం మానదీవిడ.

అప్పుడు మరదలి నోట్లోంచి పొద్దున్న మింగేసిందంతా ఒక్కసారి పైకొచ్చింది, వదినగారి గొంతుతో సహా.

"ఒరేయ్ దున్నపోతా! నీ తెలివిలాగే ఉందో లేదో తెలీని తీగరా! కోళ్ల షెడ్డుకి! ఎత్తరా! ఎత్తు!"

ఆ గొంతుకి ఎదురు చెప్పడం ఆయనకి అయిదో ఏట నుంచీ రాదు. బుర్రకి అర్థమయ్యేలోపు చేతులు విన్నాయి. విమానం ముక్కు ఆకాశానికి లేచింది. కాకి అరుచుకుంటూ లేచిపోయింది. చక్రాలు దాని చోటు మీదనుంచి వెళ్లాయి. షెడ్డులో కోళ్లన్నీ ఒక్క గొంతుతో గోల పెట్టాయి. తీగ మాత్రం ఆ గాలికి కాసేపు ఊగి, తనకేమీ తెలియనట్టు మళ్లీ మాయమైపోయింది.

ఆయన విమానాన్ని మట్టిదారి మీద దించి ఇంజను ఆపాడు. తర్వాత దిగి లారీ దాకా నడిచొచ్చాడు.

"రేడియోలో మాట్లాడిందెవరు?"

"నేనేనండీ."

"నువ్వా?"

"క్షమించండి."

ఆయన పెళ్లాన్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాడిలా చూడలేదు. ఇంతలో చేలోంచి స్తంభాలక్క వచ్చింది. పూల పుప్పొడితో పచ్చగా ఉంది, ఊపిరాడటం లేదు. మాటలు లేవన్న సంగతి ఆ క్షణాన ఆవిడకి గుర్తు లేదు.

"వంగరా!"

వంగాడు.

"ఆగండి వదినా!" మరదలు మధ్యలోకి వచ్చింది. "ఆయన తప్పేం లేదు. ఆ తీగ సంగతి ఆయనకి తెలీదు. నేనే చెప్పలేదు."

"చెప్పలేదా? నేను చెప్పానుగా నీకు!"

"చెప్పారు. మీరు తిట్టి చెప్పారు. నేను తిట్టు కోసేశాను. దాంతోపాటు తీగ కూడా తెగిపోయింది." ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "మీరిద్దరూ కలవాలని, వదినా. రోజూ తిట్లన్నీ ఏరేసి చెబుతున్నాను."

స్తంభాలక్క మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగేసింది.

"రోజూనా?"

"రోజూ."

"అన్నీనా?"

"అన్నీ వదినా."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! తెల్లవారకముందే లేచి, బురదలో తిరుగుతూ, ఒక్కోదానికి ఒక్కో తిట్టు వెతుక్కుని, ముందురోజుది మళ్లీ వాడకుండా ఎంత ఒళ్లు దాచుకోకుండా తిట్టానే! ఒక్కటీ చేరలేదా వాడికి?"

తమ్ముడు ఇంకా వంగే ఉన్నాడు. వంగినచోటు నుంచే అన్నాడు.

"అదే అనుకున్నా. ఈ మధ్య తీగలు బుర్రలో నిలవడం లేదేంటా అని. బావి దగ్గరిది రెండుసార్లు మర్చిపోయా ఇవాళ."

"నిలవవురా, ఎలా నిలుస్తాయి? దీనికి తెలీదు" అని ఆవిడ మరదలి వైపు తిరిగింది. "చూడమ్మా, ఉత్త తీగ వీడి బుర్రలో నిలవదు. చిన్నప్పుడు ఎక్కాలు చెబితే ఒక్కటీ వచ్చేది కాదు. ఏడో ఎక్కంలో 'ఒరేయ్ గాడిదా ఏడేళ్లు నలభై తొమ్మిదిరా' అన్నానా, ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా గాడిదతో సహా చెబుతాడు. తీగని తిట్టుకి కట్టి పంపాలి. తిట్టు గుచ్చుకుంటుంది, తీగ దాని వెంట పోతుంది. నీకు మర్యాద ఎక్కువైంది గానీ, నేను వాడిమీద కోపంతో తిడతాననుకున్నావా ఇన్నాళ్లూ?"

"అనుకున్నాను వదినా."

"సరే, కొంచెం కోపం కూడా ఉంది" అంది ఆవిడ.

తమ్ముడు నిటారుగా నిలబడలేదు. ఆ వంగిన నడుముతోనే, బళ్లో పిల్లాడిలా చేతులు కట్టుకుని అప్పజెప్పాడు.

"కాలవ మీద పెద్ద లైను. రోడ్డు వెంట రెండోది. బావి దగ్గర మూడోది. కోళ్ల షెడ్డుకి నా తెలివి."

"పొద్దున్నే ఏడవొచ్చుగా ఇది" అంది అక్క. కొట్టడానికి ఎత్తిన చెయ్యి కిందికి దిగి, ఆయన కాలర్ సవరించింది. కంచె ముల్లు చేసిన చిల్లు ఒకటుంది అక్కడ. దాన్ని వేలితో నొక్కి, "ఇది కుట్టాలి" అని లోపలికి... లోపల లేదు కదా అక్కడ, లారీ వెనక్కి వెళ్లిపోయింది. అక్కడ కూర్చుని ఏడ్చిందో, అన్నం గిన్నె మూత తీసిందో ఎవరూ చూడలేదు. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగానూ, నోరు నిండుగానూ ఉన్నాయి.

ఆ తర్వాత పాత చట్టమే మళ్లీ అమలైంది. పంకా ముందు నడుముకి చేతులు, తీగలు, తిట్లు, అప్పజెప్పడం. అక్కకి మోకాళ్లు నొప్పి చేసి పొలం తిరగలేని రోజుల్లో మరదలు తిరిగేది. తిరిగొచ్చి చూసినవన్నీ చెబితే, అక్క మడత కుర్చీలో కూర్చుని ఒక్కోదానికి తిట్టు కట్టేది, పూలకి దారం కట్టినట్టు. మరదలు ఒక్క రాయి కూడా ఏరకుండా విమానం దగ్గరికి మోసేది, కళ్లు నేల మీదే పెట్టుకుని, చెవులు ఎర్రగా చేసుకుని.

"గొంతెత్తి చెప్పవే! దున్నపోతా అనేప్పుడు కళ్లలోకి చూడాలి!" అని కుర్చీలోంచి కేక వేసేదావిడ.

ఆవిడ ఆసుపత్రిలో పోయింది, చలికాలంలో. చివరి రోజుల్లో మంచం తల వైపు కిటికీకి తిప్పించుకుంది. నర్సు సెలైన్ గొట్టం సరిచేస్తుంటే, "దీనికి ఊత లేదమ్మా, స్టాండు ఒరిగిపోతుంది, చూసుకో" అంది. తమ్ముణ్ని వంగమంది. ఆయన వంగాడు. ఏం చెప్పిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. పెళ్లాం ఎన్నిసార్లు అడిగినా, "తిట్టింది" అనేవాడు, అంతే.

మళ్లీ పనిలోకి దిగిన మొదటి రోజు మొక్కజొన్న చేను. మందు కలపడానికి ఒక ముసలి డ్రైవరుని పెట్టుకున్నారు. మరదలు తెల్లవారకముందే లేచి వదినగారి బూట్లు వేసుకుంది. అవి ఆమెకి ఒక వేలు పెద్దవి, ముందు గుడ్డపీలికలు కుక్కింది. పొలం చుట్టూ తిరిగింది. తీగల్ని వెతకలేదు, స్తంభాల్ని వెతికింది, ఊతతీగ ఏ వైపుందో చూసి ఎదురు వైపు చూసింది. రెండుసార్లు గుంటలో పడింది. వచ్చి పంకా ముందు నిలబడింది. నడుముకి చేతులు పెట్టుకోబోయి, దింపేసి, ఒకదాన్నొకటి పట్టుకుంది.

"ఉత్తరం వైపు ఒక లైనుందండీ, రెండు తీగలు. పడమట గేటు మీంచి ఒకటి, కిందికి ఉంది. మధ్యలో ఏమీ లేవు. రెండుసార్లు చూశాను."

"ఉత్తరం ఒకటి, రెండు తీగలు. పడమట గేటు మీంచి ఒకటి, కిందికి" అని ఆయన అప్పజెప్పాడు.

అంతా సరిగ్గానే ఉంది. ఆమె పక్కకి తప్పుకుంది. ఇంజను తిరగలేదు.

ఆమె చూసింది. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు ముందున్న అద్దం అవతల ఎక్కడో ఉన్నాయి.

"అన్నీ చెప్పానండీ."

"చెప్పావు."

"ఏమైనా మర్చిపోయానా?"

"లేదు."

చేను ఆసామి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ముసలి డ్రైవరు చెంబు పట్టుకుని చూస్తున్నాడు. ఆమె మళ్లీ పంకా ముందుకి వచ్చింది. ఈసారి చేతులు నడుముకి వెళ్లాయి. గొంతు సవరించుకుంది. నాలిక మీద ఒకటి వచ్చి నిలబడింది, వదినగారిది కాదు, ఆమె సొంతది, మొట్టమొదటిది.

"ఇదిగో, దున్నపోతుగారూ! ఉత్తరాన రెండు తీగలు, మీరూ మీ అక్కగారూ మాటల్లేనప్పుడు కూర్చున్నట్టు ఉన్నాయి, పక్కపక్కనే, ఒకదాన్నొకటి చూడకుండా. పడమట గేటు మీది తీగ, పెళ్లిరోజు మీరు వేసుకొచ్చిన ప్యాంటులా జారిపోతోంది. ఇప్పుడు అప్పజెప్పండి!"

గట్టు మీద ఆసామి దగ్గాడు. డ్రైవరు చెంబులోకి చూసుకున్నాడు.

ఆయన మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. మందు ఇంకా చల్లలేదు గనక కళ్లు మండడానికి వేరే కారణం వెతుక్కోవాలి.

"ఉత్తరాన నేనూ అక్కా. పడమట ప్యాంటు." ఒళ్లోంచి టోపీ అందుకున్నాడు. "ఆ ప్యాంటు జారలేదు. బెల్టు కొత్తది."

"జారింది" అంది ఆమె. "వెళ్లి చావకుండా రండి."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. ఆమె పక్కకి తప్పుకుంది. ఇంజను తిరిగింది. జెండా కర్ర భుజాన వేసుకుని, కాళ్లకి పెద్దవైన బూట్లతో ఆమె చేను చివరికి నడిచింది, పడమట గేటు దగ్గరి స్తంభం నెత్తి మీంచి కళ్లు తియ్యకుండా. దారిలో ఒక గుంటలో కాలు పడింది. తిట్టుకుంది. బాగానే తిట్టుకుంది.